యౌవనమును సీసాలలో నమ్మువారు

వయస్సు వచ్చుట యొక వ్యాధియని జనులను నమ్మించు వర్తకులు నేడు పట్టణములందే కాక పల్లెలందును బయలుదేరినారు. ముప్పదియేండ్లు నిండని స్త్రీకి నొసట నొక గీత కన్పడినంతనే అది మహాపద యనియు, ‘ఫ్రీ రాడికలు’ లను కంటికగపడని శత్రువులు ఆమె చర్మమును తినివేయుచున్నవనియు, వానిని సంహరింపగల దివ్యాస్త్రము తమ సీసాలోనే కలదనియు వీరి ప్రకటనలు ఘోషించుచున్నవి. పూర్వము మన నలుపును జూపి భయపెట్టిన వర్తకమే నేడు మన వయస్సును జూపి భయపెట్టుచున్నది. 1975లో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ యను పేర తెలుపు నమ్మనారంభించిన కంపెనీ, లోకమున విమర్శలు పెచ్చుపెరిగిన పిమ్మట 2020లో ‘ఫెయిర్’ అను మాటను దీసివేసి ‘గ్లో’ అను మాటను బెట్టినది. అంగడి మాఱలేదు, అంగడిపై పలక మాఱినది.

మేము శాస్త్రమును నిందించుట లేదు. శాస్త్రము పేర జరుగు వ్యాపారమును నిందించుచున్నాము. ఫ్రీ రాడికలనగా జంటగూడవలసిన ఎలక్ట్రానులలో నొకటి జోడులేక మిగిలిపోయిన యణువు. అది ప్రక్కయణువునుండి తన కొదువను లాగికొనును. నష్టపడినది మఱియొకదానిపై బడును. దేహము ఆమ్లజనిని వాడుకొనుచున్నంతకాలము ఇవి పుట్టుచునే యుండును. (స్వేచ్ఛ యను మాటను దగిలించుకొన్న వానిలో మేము సమర్థింపనిది బహుశః ఇదియొక్కటే.) జరకు మూలమిదియేయని 1956లో డెన్హామ్ హార్మన్ అను నమెరికా శాస్త్రజ్ఞుడు సిద్ధాంతము ప్రతిపాదించెను. నాటినుండి దానిపై వాదములు జరుగుచునే యున్నవి. చర్మము విషయమున మాత్రము వయస్సు తరువాత ప్రధానదోషి యెవడో స్పష్టముగా దేలినది. వాడు సూర్యుడు. ఎండలోని యతినీలలోహిత కిరణములు చర్మములో ఫ్రీ రాడికలులను బుట్టించి, చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెను నారలను భక్షించు కిణ్వములను రేపును. పొగాకు పొగయు నీ పనికే తోడ్పడును.

దీనికి సాక్ష్యము కావలెననువారు 2012లో నమెరికాలో నొక వైద్యపత్రిక ప్రకటించిన చిత్రమును జూడవచ్చును. ఇరువదియెనిమిదేండ్లు లారీ నడపిన 69 ఏండ్ల వృద్ధుని ముఖమది. కిటికీ యద్దమువైపునున్న యెడమ చెంప ముడుతలతో మందమై వ్రేలాడుచున్నది. కుడి చెంప పదియేండ్లు చిన్నవానిదివలె నున్నది. ఒకే మనుష్యుడు, ఒకే తిండి, ఒకే వయస్సు, భేదమంతయు నెండది. యద్దము కొన్ని కిరణముల నాపినను తక్కినవానిని లోనికి బోనిచ్చునని గదా దీనివలన దెలియుచున్నది! మన లారీచోదకులు కుడివైపున గూర్చుందురు గావున వారికి కుడి చెంపకు నీ గతి.

ఇక సీసాల సంగతి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండునందు నాంబూరు అను నూర 1992 మొదలు 1996 వఱకు 903 మంది పెద్దలపై నొక పరీక్ష జరిగి, దాని ఫలితము 2013లో వెలువడినది. కొందఱు ప్రతిదినము సన్‌స్క్రీన్ లేపనము పూసికొనిరి. తక్కినవారు తమ యిచ్చవచ్చినట్లు పూసికొనిరి. కొందఱికి బీటాకెరోటిన్ అను యాంటీ ఆక్సిడెంటు గుళికలను, కొందఱికి ఉత్తగుళికలను ఇచ్చిరి. నాలుగున్నరయేండ్లకు లెక్కింపగా, ప్రతిదినము లేపనము పూసినవారి చర్మమున వార్ధక్యచిహ్నములు తక్కినవారికంటె నూటికి 24 పాళ్లు తక్కువగా నుండెను. గుళిక మ్రింగినవారికి చెప్పుకొనదగిన లాభమేమియు గానరాలేదు. ఎండ నాపినది పనిచేసినది. ఎండను రానిచ్చి లోపల యుద్ధము చేయుదుననినది పనిచేయలేదు.

లాభము లేకున్న పోనిండు, హాని లేదుగదా యందురా? ఫిన్లాండులో పొగత్రాగు 29,133 మంది పురుషులపై జరిపిన పరీక్షలో నీ బీటాకెరోటినునే పుచ్చుకొన్నవారికి ఊపిరితిత్తుల పుట్ట నూటికి 18 పాళ్లు హెచ్చుగా వచ్చినదని 1994లో దెలిసినది. నేతిబీరకాయలో నేయి లేకపోవుట యొక యెత్తు, విషముండుట యొక యెత్తు. కాయగూరలు, పండ్లు తినువారికి మే మడ్డుచెప్పము. ఉసిరికాయకు బ్రకటన యక్కఱలేదు. విటమిను ఏ నుండి పుట్టిన ట్రెటినోయిన్ వంటి యొకటిరెండు మందులు ఎండకు చెడిన చర్మమును గొంత బాగుచేయుననుటయు నిజమే. కాని యవి వైద్యుడు చూచి యీయవలసిన మందులు.

విషమంటిమి, అతిశయోక్తి కాదు. కేరళమున మలప్పురము జిల్లా కొట్టక్కల్ వైద్యులు 2021 మొదలు 2023 వఱకు మూత్రపిండముల రోగులను బరీక్షింపగా, అరుదైన యొక జాతి వ్యాధికి లోనైన 15 మందిలో 13 మంది ముఖమును దెలుపుచేయు లేపనములను వాడినవారని తేలెను. ఆ లేపనములలో పాదరసము! 2020వ సంవత్సరపు నిబంధనలు కంటిప్రక్క పూయునవి గాక తక్కిన యలంకరణద్రవ్యములలో దైవికముగా జేరిన పాదరసము పదిలక్షల పాళ్లలో నొకపాలు మించరాదని శాసించుచున్నవి. ఇక స్టెరాయిడు లేపనములు కొన్నాళ్లు నునుపుచూపి, పిమ్మట చర్మమును కాగితమువలె పలుచనచేసి ముఖమును ఎఱ్ఱబార్చును. 14 లేపనములను వైద్యుని చీటి లేనిదే యమ్మరాదని ప్రభుత్వము 2018లో నాజ్ఞాపించెను. మందులయంగడికి బోయి యడిగి చూడుడు, ఎందఱు చీటి యడుగుదురో!

చట్టము లేదా? ఉన్నది. న్యాయస్థానములలో కాలము గడుపువారము గనుక నీ మాట గట్టిగా జెప్పగలము. వీరి యుపాయ మేమనగా, లైసెన్సు అడుగునప్పుడు తమ సరుకు అలంకరణద్రవ్యమే యందురు. జనులకు జెప్పునప్పుడు చర్మకణములను బాగుచేయుననియు, కొల్లాజెనును మరల బుట్టించుననియు నందురు. కచేరిలో నలంకారము, బజారులో నౌషధము. 1954వ సంవత్సరపు ఔషధములు, మాయచికిత్సల యభ్యంతరకర ప్రకటనల చట్టమున రెండవ సెక్షను, ఆహారము గాక, మనుష్యదేహముయొక్క నిర్మాణమునుగాని, అవయవముల వ్యాపారమునుగాని యెట్లైనను మార్ప నుద్దేశింపబడిన యే వస్తువైనను ఔషధమే యనుచున్నది. నాలుగవ సెక్షను ఔషధమునుగూర్చిన యసత్యప్రకటనలను నిషేధించుచున్నది. తొలి నేరమునకు ఆఱునెలల వఱకు కారాగృహము విధింపవచ్చును. చర్మనిర్మాణమును మార్చెదమని తమ నోటనే చెప్పుకొనువారు ఈ నిర్వచనమునుండి యెట్లు తప్పుకొందురో మాకు దెలియదు. ప్రయోగించువారు లేక చట్టము బీరువాలో నిద్రించుచున్నది.

స్వదేశీ యను ముద్ర వేసికొన్నవారికిని మినహాయింపు లేదు. కలబంద బొమ్మయు, ఋషి బొమ్మయు నట్టపై ముద్రించి పరదేశి చెప్పిన యబద్ధమునే తెలుగున జెప్పినంతమాత్రాన నది దేశసేవ కాజాలదు. స్వదేశీ వ్రతము పట్టినవారు దేశపు సొమ్ము బయటికి బోరాదని పట్టినారు. దేశీయుడే దేశీయుని మోసగింపవచ్చునని గాదు. ఈ ప్రకటనల సొమ్ముతో బ్రతుకు పత్రికలును ఈ పాపమున భాగస్వాములే యని మా సోదరపత్రికలు నొచ్చుకొన్నను చెప్పక తప్పదు.

మన చర్మము నల్లనిది, మనకు ఎండ భయమేల యని కొందఱందురు. నలుపు మనకు ప్రకృతి యిచ్చిన గొడుగే; దానిని సిగ్గుపడి చెఱుపుకొనుట కంటె నవివేకము లేదు. అయినను గొడుగుకును చిల్లులుండును. గుంటూరు మిరపకల్లములలో నెండకు మాడు స్త్రీల ముఖములను జూచిన నది బోధపడును. తలపాగ, పైట కొంగు, నిండుచేతుల చొక్కా, చెట్టునీడ, నడిమిటివేళ విశ్రాంతి, ఇవి యే కంపెనీ యమ్మనక్కఱలేని రక్షణలు. సన్‌స్క్రీన్ కొనగలవారు కొని ముఖమునకు మెడకు చేతులకు పూసికొందురుగాక. కొనలేనివారి సంగతి పురపాలకసంఘములు చూడవలెను. బజారులో నీడ లేదు, బస్సు నిలుచు చోట కప్పు లేదు, బాటప్రక్క చెట్లను వెడల్పు పేర నఱికిరి. చుట్టలు కాల్చుచు ముడుతలకు మందు వెదకు పెద్దమనుష్యులకు వేఱుగ జెప్పవలసిన పనిలేదు.

పఠనమందిరములలో నీ పత్రికను జదువువారిలో పదిమంది కూడి, తమ యూర గన్పడు యిట్టి ప్రకటనలను కత్తిరించి, తేదీ వేసి, సరుకు కొన్న రసీదు జతపఱచి, ఔషధనియంత్రణాధికారికి 1954వ చట్టమును ఉదహరించుచు అర్జీలు పంపుదురుగాక. ఒక ప్రతి తమవద్ద నుంచుకొనుట మఱవరాదు. ప్రత్యుత్తరము రానిచో మాకు వ్రాయుడు. అధికారి యూరును, అర్జీ తేదీని ఈ పుటలోనే ప్రకటింతుము.