ప్రశ్నను తూచే వృత్తి

అమెరికా చదువుల కోసం జీఆర్‌ఈ రాసే తెలుగు పిల్లలకు, మొదటి సెక్షన్‌లో రాసిన తీరును బట్టే రెండోది కఠినంగానో తేలికగానో వస్తుంది. వేర్వేరు ప్రశ్నలకు జవాబులు రాసిన ఇద్దరినీ ఒకే కొలబద్ద మీద నిలబెట్టగలుగుతున్నారంటే ఆ ఘనతలో పెద్ద వాటా ఫ్రెడరిక్ లార్డ్‌దే. 1947లో ఏర్పడిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌లో దశాబ్దాలపాటు పనిచేసిన గణాంకవేత్త ఆయన. ఆయన పద్ధతిలో విద్యార్థిని కొలిచే ముందు ప్రశ్నను కొలవాలి: అదెంత కష్టం, తెలిసినవాణ్ణీ తెలియనివాణ్ణీ ఎంత బాగా విడదీస్తుంది, గుడ్డిగా టిక్కు పెట్టినా తగిలే అవకాశమెంత? మెల్విన్ నోవిక్‌తో కలిసి 1968లో ఆయన వెలువరించిన గ్రంథం ఇలా ప్రశ్నను తూచే శాస్త్రానికి పునాది. మన దగ్గర జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ షిఫ్టులవారీగా జరుగుతాయి. వేర్వేరు షిఫ్టుల మార్కులను ఒకే కొలమానానికి తెచ్చే నార్మలైజేషన్ అనగానే తల్లిదండ్రుల్లో గుబులు. ఆ గుబులు అకారణం కాదు. జేఈఈ మెయిన్ పర్సంటైల్ లెక్క, ప్రతి షిఫ్టులోనూ ఇంచుమించు సమాన ప్రతిభ గలవాళ్లే కూర్చున్నారన్న ఊహ మీద నిలబడింది. ఆ ఊహను ఏటా పరీక్షించే నిపుణులు కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావు 2007లో సందీప్ సిన్హరేతో కలిసి పరీక్షల కొలతల శాస్త్రమైన సైకోమెట్రిక్స్ మీద ఒక పెద్ద సంపుటికి సంపాదకత్వం వహించారు. అంతటి వారసత్వం ఉండి కూడా, స్టాటిస్టిక్స్ చదివే మన పిల్లల్లో ఎంతమందికి ప్రశ్నల్ని తూచడం ఒక జీవితకాలపు వృత్తి అని చెబుతున్నాం? ఉన్నత విద్యామండళ్లు ఇలాంటి నిపుణులకు శాశ్వత కొలువులివ్వాలి, స్కోరుతోపాటు అందులో ఉండగల పొరపాటు హద్దునూ ఫలితాల రోజే ప్రకటించాలి.