ఏనుగును కొని అంకుశానికి బేరమా!

తెలుగువాళ్లంతా చూసిన పాత అమెరికన్ బండి ఒకటుంది. కానీ దాని కంపెనీ పేరడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. అదే... చైతన్యరథం! 1982లో పార్టీ పెట్టిన ఎన్టీఆర్ ఊరూరా తిరిగింది ఓ షెవ్రొలే వ్యానులో. దాన్ని ప్రచారానికి అనువుగా మార్పించుకుని, పైకెక్కి ప్రసంగించేవారాయన. స్టీరింగ్ పట్టింది కుమారుడు హరికృష్ణ. ఎన్నికలయ్యేలోపు ఆ బండి వేల కిలోమీటర్లు తిరిగిందంటారు. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. పాతబండి కదాని ఎవరూ తీసిపారేయకుండా ఆ ఒక్క ఉదాహరణ చాలు.

అలాంటి బండి మీ షెడ్డులోనే ఉంటే? తాతగారు మోజుపడి కొన్న డాడ్జో, ప్లిమతో, షెవ్రొలేనో టార్పాలిన్ కింద దుమ్ము కొట్టుకుపోతుంటే? పాత ఇనుము కొనేవాడు కిలోల లెక్కన ధర చెబుతాడు. 'ఇచ్చేస్తే స్కూటర్లకు చోటొస్తుంది' అంటారు పిల్లలు. పెద్దాయనకేమో మనసొప్పదు. ఎవరి మాట నెగ్గాలో తేల్చుకునే ముందు ఆ బండి సంగతి కాస్త తెలుసుకోవాలి.

బిగించింది బొంబాయిలోనే!

అమెరికా కారంటే అక్కడే తయారై ఓడ దిగిందనుకుంటాం. అన్నీ అలా రాలేదు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రీమియర్ కంపెనీ డాడ్జ్, ప్లిమత్, డిసోటోలను, హిందుస్థాన్ మోటార్స్ స్టూడీబేకర్లను ఇక్కడే బిగించాయి. విడిభాగాలు తెచ్చి బిగిస్తే సరిపోదు, తయారీ కూడా ఇక్కడే జరగాలని 1953లో కేంద్రం తేల్చిచెప్పింది. దాంతో ఆ మరుసటేడే జనరల్ మోటార్స్ మూటాముల్లే సర్దుకుంది. అందుకే ఈ కార్లు మనదగ్గర ఇంత అరుదు.

ఈ చరిత్ర మరమ్మతుకూ పనికొస్తుంది. ఇలాంటి కార్లకు అమెరికాలో ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతాయి. ఇంజిన్ గాస్కెట్లలాంటివి తెప్పించుకుంటే చక్కగా సరిపోతాయి. కానీ అక్కడి కార్లకు స్టీరింగ్ ఎడమవైపు, మనకు కుడివైపు. స్టీరింగ్ బాక్సు, డ్యాష్‌బోర్డు లాంటివి డబ్బుపోసి తెప్పించుకున్నా పట్టవు. వాటిని ఉన్నవాటినుంచే బాగుచేసుకోవాలి. కాబట్టి విరిగిందని ఏదీ పారేయకూడదు. కొత్తది చేయించాలంటే పాతదే కొలత!

తొందరపడితే అంతే...

ఏళ్లతరబడి కదలని కారుకు కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం... అందరూ చేసే పొరపాటు. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి సిలిండర్లలో కాస్త నూనె పోయాలి. నానాక, ఇంజిన్‌ను చేత్తో తిప్పిచూడాలి. ట్యాంకులోని పాత పెట్రోలు తీసేసి తుప్పు కడగాలి. బ్రేకులు బాగుచేయకుండా రోడ్డెక్కకూడదు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అలనాటి రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, ఇథనాల్‌ను తట్టుకునే రకం వేయించాలి.

బ్యాటరీ దగ్గరా జాగ్రత్త. షెవ్రొలే కార్లు 1954 దాకా 6 వోల్టులవి. 12 వోల్టుల బ్యాటరీ పెడితే బల్బులు మాడిపోతాయి. అప్పటి డాడ్జ్, ప్లిమత్‌లలో పాజిటివ్ వైరు బాడీకి ఉంటుంది. అలవాటు ప్రకారం నెగెటివ్ తగిలిస్తే చిక్కే. నట్లన్నీ అంగుళాల లెక్క. దగ్గరగా ఉందని మిల్లీమీటర్ల స్పానర్ పెట్టి తిప్పితే నట్టు మూలలు అరిగి, ఇక దేనికీ లొంగదు.

లాలాగూడలో తెలిసిన విద్యే

అసలు పరీక్ష ఇంజిన్‌లో ఉంది. 1950ల ఆరంభం దాకా షెవ్రొలే వాడిన మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లకు నేటి కార్లలాగా మార్చుకునే బేరింగులుండవు. వైట్‌మెటల్ కరిగించి రాడ్డు మీదే పోసి, క్రాంకుకు సరిపోయేలా వెంట్రుకవాసి తేడా లేకుండా కోయాలి. ఇప్పటి గ్యారేజీల్లో ఈ పని తెలిసినవాళ్లు తక్కువ.

అయితే ఈ విద్య మనకు కొత్తదేం కాదు. ఒకప్పుడు రైలు పెట్టెల ఇరుసులు తిరిగింది వైట్‌మెటల్ పోసిన బేరింగుల్లోనే. 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు చుట్టూ ఇటు మెట్టుగూడ నుంచి అటు తార్నాక దాకా ఫిట్టర్లు, టర్నర్ల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. రైల్వే షాపులో సొంత కారుకు చోటుండదు. కానీ చెయ్యి తిరిగిన పాతతరం టర్నర్ ఒకరు పక్కన నిలబడితే, నాచారం లేత్ షాపులో కుర్రాడు కూడా ఈ పని నేర్చుకోగలడు. ఆ పెద్దలు కరిగిపోకముందే వెతుక్కోవాలి. వాళ్లు లేకపోతే డబ్బున్నా పని జరగదు.

ఇంజిన్ మారిస్తే హోదా గోవిందా

పెట్రోలు ధర మండిపోయిన రోజుల్లో చాలామంది ఇలాంటి కార్లకు డీజిల్ ఇంజిన్లు వేయించారు. నడిపే ఖర్చు తగ్గింది. కారు అసలు రూపం పోయింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారకుండా ఉంటేనే వింటేజ్ కారు. అలాంటివాటికి రాష్ట్రం కోడ్ తరవాత 'వీఏ' అక్షరాలతో నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి నడపొచ్చు. రోజూ ఆఫీసుకెళ్లడానికి మాత్రం కుదరదు!

కాబట్టి ఆర్‌సీ ఎక్కడుందో ముందు వెతకండి. పెద్దాయన పేరు మీదే ఉంటే ఆయన ఉండగానే కాగితాలు చక్కబెట్టుకోవడం మేలు. తరవాత వారసులందరి సంతకాల కోసం తిరగాల్సి వస్తుంది. విప్పే ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, పేరు రాసిన డబ్బాలో దాచండి. ఖర్చు ఒక్కసారిగా భరించలేకపోతే ఈ ఏడాది బ్రేకులు, వచ్చే ఏడాది ఇంజిన్ అని పంచుకోండి. అదీ వీలుకాదా? బాగుచేసుకునే ఓపికున్నవారికి మంచి ధరకు అమ్మేయండి, తప్పులేదు. కిలోల లెక్కన మాత్రం తూచకండి. తూకం వేసిన మర్నాటికి తిరిగి కొనుక్కుందామన్నా ఆ కారు ఉండదు.