బరువు మారలేదు, జాకెట్టు కొలతలు మారాయి

గూగుల్‌లో 'వై-వై పారడాక్స్' అని కొట్టి చూడండి. ఇద్దరు డాక్టర్లున్న ఫోటో ఒకటి వస్తుంది. ఒకాయన పుణేకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండో ఆయన లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. అంటే ఎత్తుకి తగ్గ బరువు. చార్టు ప్రకారం ఇద్దరూ ఫిట్. కానీ ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం! 2004లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిందిది. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. మన దేశంలో చాలామంది బాడీల స్పెసిఫికేషన్ ఇదే.

ఇప్పుడు ఈ బాడీకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ తోడైతే? ఒంగోల్లో ఉండే మా పిన్ని కథ అదే. ఆమెకి 51 ఏళ్ళు. 42వ ఏట జబ్బు బయటపడింది. అప్పుడు 58 కిలోలు, ఇప్పుడూ 58 కిలోలే. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం "ఇంత జబ్బులోనూ మనిషివి ఏం తగ్గలేదమ్మా" అని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళేవాళ్ళు. డాక్టర్ దగ్గర కూడా ప్రతిసారీ మిషనెక్కడం, నంబర్ రాసుకోవడం, దిగిపోవడం. అంతే.

తేడా ముందుగా పట్టుకున్నది డాక్టర్ కాదు, జాకెట్లు కుట్టే టైలరమ్మ. "చేతులు వదులైపోయాయి, నడుం దగ్గర మాత్రం విప్పాల్సి వస్తోంది, ఏంటక్కా ఇది?" అందట. నా దృష్టిలో మా పిన్నికి జరిగిన మొట్టమొదటి బాడీ కంపోజిషన్ టెస్ట్ అదే.

మేం కోడ్ రాసేవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక ఫైల్లో 400 లైన్లు తీసేసి వేరే 400 లైన్లు పెట్టారనుకోండి. మొత్తం లైన్ల లెక్క మారదు. అంత మాత్రాన కోడ్ మారలేదని ఎవరైనా అంటారా? బరువు మిషన్ చూపించేది ఆ మొత్తం లెక్క ఒక్కటే. ఏం పోయింది, ఏం వచ్చింది అన్నది దానికి తెలీదు.

పోయింది కండ. వచ్చింది కొవ్వు. దీనికి వైద్యంలో రుమటాయిడ్ కకెక్సియా అని పేరుంది. రుమటాయిడ్ అంటే వయసు మీదపడి కీళ్ళు అరగడం కాదు. మనల్ని కాపాడాల్సిన ఇమ్యూన్ సిస్టమ్ మన కీళ్ళనే శత్రువనుకుని దాడి చెయ్యడం. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఆ దాడిలో విడుదలయ్యే రసాయనాల్లో టీఎన్ఎఫ్ ఒకటి. ఈ టీఎన్ఎఫ్‌కి ఒకప్పుడు ఉన్న ఇంకో పేరు కకెక్టిన్, అంటే మనిషిని శుష్కింపజేసేది అని. పేరులోనే గుణం ఉంది. అది కీళ్ళ దగ్గరే ఆగదు, కండనీ కరిగిస్తుంది. నొప్పి వల్ల కదలిక తగ్గుతుంది, దాంతో ఇంకాస్త కండ పోతుంది. తిండి మాత్రం పాత లెక్కలోనే నడుస్తుంది కాబట్టి ఆ ఖాళీలోకి కొవ్వు వచ్చి కూర్చుంటుంది.

ఇంగ్లండ్‌లో 2007లో దీన్ని లెక్కగట్టారు. ఒకే బీఎంఐ ఉన్న మామూలు మనుషులకంటే రుమటాయిడ్ ఉన్నవాళ్ళ ఒంట్లో కొవ్వు సుమారు నాలుగు శాతం ఎక్కువ తేలింది. అందుకని వీళ్ళకి 'అధిక బరువు' గీతని 25 నుంచి 23కి, 'ఊబకాయం' గీతని 30 నుంచి 28కి దించాలన్నారు. అది అక్కడివాళ్ళ లెక్క. యాజ్ఞిక్ గారి ఫోటో గుర్తు పెట్టుకుని మనవాళ్ళకి ఎంత దించాలో ఊహించుకోండి. మా పిన్ని బీఎంఐ 24.5. ప్రపంచ చార్టులో ఇప్పటికీ నార్మలే.

ఇక ఎముక. మన ఎముక కట్టేసి వదిలేసిన బిల్డింగ్ కాదు. ఒక బ్యాచ్ కణాలు పాత ఎముకని కొరికేస్తుంటాయి, ఇంకో బ్యాచ్ కొత్తది పోస్తుంటాయి. రుమటాయిడ్ మంట కొరికే బ్యాచ్‌కి ఓవర్‌టైమ్ ఇస్తుంది. పీరియడ్స్ ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఆ బ్యాచ్‌కి ఇంకాస్త బలం వస్తుంది. ఈ రెండూ చాలవన్నట్టు స్టెరాయిడ్ మాత్ర.

స్టెరాయిడ్‌ని తిట్టడం నాకిష్టం లేదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ రుమటాయిడ్‌తో మంచం పట్టిన 29 ఏళ్ళ అమ్మాయికి కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకీ, మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ రోజుకీ జబ్బు ఒక్కసారిగా తిరగబడినప్పుడు ఆదుకునేది ఆ మందే. కానీ నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ దాని బిల్లు వస్తుంది. కండ బలహీనపడుతుంది, కొవ్వు మొహానికీ పొట్టకీ చేరుతుంది, ఎముక పలచబడుతుంది. ఎముక వేగంగా పోయేది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. 'కొన్నాళ్ళు వాడి చూసి, తర్వాత స్కాన్ చేయిద్దాంలే' అనుకునేలోపే నష్టం సగం జరిగిపోతుంది.

మొన్న సంక్రాంతికి వాకిట్లో కళ్ళాపి చల్లిన చోట పిన్ని కాలు జారింది. పడబోతూ చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, పంపేశారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే అది జారిన కాలు తప్పు కాదు, ఎముకే బలహీనమని అనుమానించాలి. తొమ్మిదేళ్ళలో చూసిన డాక్టర్లలో ఒక్కరూ ఎముక స్కాన్ రాయలేదు. మేమే అడిగి చేయించాం. తుంటి దగ్గర టీ-స్కోర్ మైనస్ 2.7. మైనస్ 2.5 కానీ అంతకంటే కింద కానీ ఉంటే ఆస్టియోపోరోసిస్. ఒంట్లో కొవ్వు 41 శాతం.

రిపోర్ట్ నేను చదివి వినిపించాక పిన్ని అడిగిన ప్రశ్న ఇది: "ఒరే నాన్నా, నన్ను బరువు తగ్గమంటావా, పెరగమంటావా? ఏదో ఒకటి తేల్చు."

మంచి ప్రశ్న, ఎందుకంటే రెండు వైపులా నిజం ఉంది. లావుగా ఉన్నవాళ్ళ ఎముకలు గట్టివని మన పెద్దవాళ్ళంటారు. పూర్తిగా అబద్ధమేం కాదు. బరువు మోస్తే ఎముక గట్టిపడుతుంది. పీరియడ్స్ ఆగాక కొవ్వు కణాలే కొంత ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి కూడా. రుమటాయిడ్‌లో మరీ బక్కచిక్కినవాళ్ళకి ఎముక విరిగే ముప్పు ఎక్కువ. కాబట్టి యూట్యూబ్ చూసి నెలకి ఆరు కిలోలు తగ్గే డైట్ మొదలెడితే కొవ్వుతో పాటు ఉన్న కాస్త కండా, ఎముకా పోతాయి. అలాగని పొట్టలోని కొవ్వుని రక్షణ అనుకోకూడదు. అదే మంట పుట్టించే రసాయనాలని అదనంగా వదులుతుంది. మందులు బాగా పనిచేసే అవకాశాన్నీ తగ్గిస్తుంది. ఇంకో విచిత్రం, ఎముక మూలుగలో ఒకే మూలకణం ఎముక కట్టే కణంగానూ మారగలదు, కొవ్వు కణంగానూ మారగలదు. స్టెరాయిడ్ దాన్ని కొవ్వు వైపు తోస్తుంది.

అందుకే పిన్నికి నేను చెప్పింది ఒకటే. "బరువు సంగతి వదిలెయ్. కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా ఎన్నిసార్లు లేవగలవో చెప్పు." మొదటి రోజు నాలుగుసార్లు లేచింది. ఇప్పుడు ఫిజియోథెరపిస్ట్ చూస్తుండగా పన్నెండు, పైగా రబ్బరు బ్యాండ్‌తో చేతుల కసరత్తు.

కీళ్ళ జబ్బుకి రెస్టే మందని నమ్మే ఇళ్ళలో ఇది యుద్ధమే. మా బాబాయ్ ఇప్పటికీ "దాన్ని కూర్చోనివ్వండ్రా" అంటాడు. ఆయనకి నేను నెదర్లాండ్స్ కథ చెప్పాను. అక్కడ దాదాపు 300 మంది రుమటాయిడ్ పేషెంట్లలో సగం మందితో రెండేళ్ళ పాటు, వారానికి రెండుసార్లు, 75 నిమిషాల చొప్పున గట్టి వ్యాయామమే చేయించారు. తుంటి ఎముక తరుగుదల నెమ్మదించింది. భుజాలూ మోకాళ్ళలాంటి పెద్ద కీళ్ళు అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలని కూడా తేలింది. వేల్స్‌లో 24 వారాలు బరువులు ఎత్తించిన చిన్న ట్రయల్‌లో కండ పెరిగింది, పొట్ట, ఛాతీ భాగంలో కొవ్వు తగ్గింది. బాబాయ్ ఒప్పుకోలేదు కానీ రబ్బరు బ్యాండ్ దాచెయ్యడం మానేశాడు.

తిండి విషయం త్వరగా చెప్పేస్తాను. తిరుపతి డాక్టర్లు 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనవాళ్ళలోనే తిండిలో కాల్షియం తక్కువ, ఒంట్లో విటమిన్ డి తక్కువ. ఎండకి కరువు లేని తిరుపతిలో! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. మిగతాది పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు. కండకి ప్రోటీన్ కావాలి, అది చారన్నంలో దొరకదు. పిన్ని పొద్దున ఇడ్లీతో పాటు రెండు గుడ్లు తింటోంది, శనివారం తప్ప.

ఫోన్ చేతిలో ఉన్న మీరు చెయ్యగలిగిన పని ఇంకోటుంది. ఫ్రాక్స్ అని బ్రిటన్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో తయారైన ఉచిత కాలిక్యులేటర్. దేశాల లిస్టులో ఇండియా ఉంది. పదేళ్ళలో ఎముక విరిగే అవకాశం ఎంతో శాతంలో చెప్తుంది. అందులో రుమటాయిడ్‌కి విడిగా ఒక బాక్స్, స్టెరాయిడ్‌కి ఇంకో బాక్స్. రుమటాయిడ్ బాక్స్‌లో మామూలు మోకాళ్ళ అరుగుదలకి టిక్ పెట్టకండి, లెక్క తప్పుతుంది. 40 ఏళ్ళలోపు వయసు ఎంత కొట్టినా 40 కిందే లెక్కేస్తుంది కాబట్టి మీ అక్కకి 33 అయితే దాని జవాబు పట్టుకుని కూర్చోవద్దు. పైగా అది కూడా ఎత్తు, బరువే అడుగుతుంది, కండెంతో కొవ్వెంతో అడగదు.

అది చెప్పేది డెక్సా స్కానే. బల్ల మీద పడుకుంటే పావుగంటలో అయిపోతుంది, రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువ. రోజుకి 2.5 మిల్లీగ్రాములు లేదా ఎక్కువ ప్రెడ్నిసొలోన్ మూడు నెలలకి మించి వాడేవాళ్ళకి ఎముక విరిగే ముప్పు వీలైనంత త్వరగా అంచనా వెయ్యాలని అమెరికా రుమటాలజీ కాలేజీ 2022 గైడ్‌లైన్ చెప్తోంది. ఇది చదివి ఎవరూ స్టెరాయిడ్ ఠక్కున ఆపకండి, ప్రమాదం. డాక్టరే మెల్లగా తగ్గించాలి. సంతలో అమ్మే కీళ్ళ నొప్పుల పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు, అలాంటి కల్తీలు మన దేశంలో పట్టుబడ్డాయి. అవి వాడుతుంటే అదీ డాక్టర్‌కి చెప్పండి. స్కాన్ రాయించుకునేటప్పుడు మామూలుగా నడుం, తుంటి మాత్రమే రాస్తారు. కండ, కొవ్వు లెక్క కూడా కావాలంటే 'హోల్ బాడీ' అని విడిగా రాయమని అడగాలి. ఆ సాఫ్ట్‌వేర్ అన్ని సెంటర్లలో ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.