జాతి ఋణము

దేశమునకై ప్రాణములకు తెగించి పోరాడిన సైనికుని ఆదుకొనుట జాతి ధర్మము. ఇందు ఎవరికిని భేదాభిప్రాయము లేదు. అయితే ఆ ఋణమును జాతియంతయు కలిసి తీర్చవలెనా, లేక ఏ కొందరిచేతనో తీర్పింపవలెనా? మొదటి ప్రపంచయుద్ధానంతరము బ్రిటన్ దేశమున ఈ ప్రశ్న ఎదురైనది.

1914లో ఆ యుద్ధము ప్రారంభమైనది. 1916లో నిర్బంధ సైనికసేవ అమలులోనికి వచ్చినది. యువకులు యుద్ధభూమికి తరలిపోగా ప్రభుత్వ కార్యాలయములలో పని నిలిచిపోవు స్థితి ఏర్పడినది. అపుడు వేలకొలది స్త్రీలు ఆ బాధ్యతను స్వీకరించిరి. ఉత్తర ప్రత్యుత్తరములు జరిపిరి, లెక్కలు వ్రాసిరి, టైపు చేసిరి, దస్త్రములను భద్రపరచిరి. గాయపడిన సైనికుల పింఛనుల లెక్కలు సైతము వారి చేతిమీదుగా నడచినవి.

1918 నవంబరు 11న యుద్ధము ముగిసినది. లక్షలకొలది సైనికులు తిరిగివచ్చిరి. వారిలో అవయవములు కోల్పోయినవారును, జీవనోపాధి లేనివారును పెక్కుమంది. వారికి చోటు కల్పించుటకై ప్రభుత్వము తాత్కాలికోద్యోగములలోనున్న స్త్రీలను క్రమముగా తొలగించి, ఆ స్థానములలో మాజీ సైనికులను నియమించినది. స్త్రీల నియామకము తాత్కాలికమే యనియు, కుటుంబపోషణ పురుషుని భారమనియు, స్త్రీలు ఇండ్లకు మరలుటయే ఉచితమనియు అనేకులు వాదించిరి.

యుద్ధమునకు పూర్వము తాను చేసిన ఉద్యోగమును సైనికుడు తిరిగి కోరుట న్యాయమే. కాని అంతకుముందు ఆ కొలువులో లేనివానికి సైతము చోటిచ్చుటకై పని నేర్చిన స్త్రీని తొలగించుట వేరు విషయము. పైగా ఆ యుద్ధమున సుమారు 7 లక్షల బ్రిటిష్ సైనికులు మరణించిరి. భర్తను కోల్పోయిన భార్యతో, అన్నను కోల్పోయిన చెల్లెలితో, "ఇంటికి పొమ్ము, పురుషుడు పోషించును" అని చెప్పుటలో అర్థమేమి? పోషింపవలసినవాడు తిరిగి రాలేదు కదా! పని కోల్పోయి, ఇతరుల ఇండ్లలో దాసీపనికి అంగీకరింపని పెక్కుమంది స్త్రీలకు నిరుద్యోగభృతి సైతము నిరాకరింపబడినది.

స్త్రీ యగుటగాని, వివాహిత యగుటగాని ప్రభుత్వోద్యోగమునకు అనర్హత కారాదని 1919లో చేసిన చట్టము చెప్పినది. అయినను అందలి మినహాయింపును ఆధారముగా గొని వివాహితలకు ద్వారములు మూసిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941లో, ఆ దేశమే అవివాహితలైన యువతులను చట్టముచేత నిర్బంధముగా సేవకు పిలిచినది. అక్కర కలిగినపుడు అర్హత, అక్కర తీరినపుడు అనర్హత! స్వదేశ ప్రభుత్వోద్యోగములలో వివాహితలపై నిషేధము 1946లో గాని తొలగలేదు. సమాన వేతనము 1955లో ఆరంభమై 1961 నాటికి గాని పూర్తిగా అమలు కాలేదు.

సైనికునకు పింఛను, వైద్యము, వృత్తిశిక్షణ, కొత్త కొలువు ఈయవలసినదే. ఆ వ్యయమును పన్నులు చెల్లించు ప్రజలందరును పంచుకొనవలెను. అట్లుగాక, ఎదిరించి నిలువలేనివారి జీతముతో జాతి తన కృతజ్ఞతను చాటుకొనుట అత్తసొమ్ము అల్లుడు దానము చేసిన చందమే యగును. కృతజ్ఞత గొప్ప గుణము. కాని న్యాయమును విడిచిన కృతజ్ఞత ఒకరి కన్నీరు తుడిచి మరియొకరిని ఏడిపించును.