తీసిన పటం, తీర్చాల్సిన బాకీ

తమిళనాడులోని ఆలంగాయం బజారులో చింతపండు రాశి పోసుకుని కూర్చున్న ఒక అవ్వ నన్ను నిలదీసింది. అంతకుముందే తమిళంలో అడిగి, ఆమె తలూపాక, నా పాత ఫిల్ము కెమెరాతో ఒక్క ఫొటో తీశాను. ఆ తర్వాత నేను ఫోనులో ఇంటివాళ్లతో మాట్లాడుతుంటే విని, ఆమె తెలుగులోకి దిగింది. “యా ఊరు నాయినా నీది? పటం తీసుకుంటివి గదా, మళ్లీ ఎప్పుడు తెచ్చిస్తావు?”

ఆ ప్రశ్న న్యాయమైనది. సంతలో గుప్పెడు పచ్చిమిరపకాయలు కూడా ఊరికే తీసుకోం. కొసరు అడిగినా, అసలు కొన్నాకే అడుగుతాం. ఫొటో ఒక్కటే వెల ఇవ్వకుండా పట్టుకుపోతాం. అది బాకీ అని మనకు తోచదు.

వేలూరు పక్కన పొయిగైలో మంగళవారం పశువుల సంత. అక్కడ ధర నోటితో చెప్పుకోరు. దళారి భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని బేరమాడతారు. పక్కన నిలబడినవాడికి కూడా అంకె తెలియదు. నేను తువ్వాలు వరకే ఫొటో తీశాను. కింద కుదిరిన ధర వాళ్లిద్దరిది. చూడదగింది ఎంతో, చూడకూడనిది ఎంతో ఆ సంతలో నేర్చుకున్నాను.

ఆగి, చూసి తీసే ఓపిక నాకు రీలు వల్ల అబ్బింది. అందులో 36 ఫొటోలే. కడిగించేదాకా ఏం పడిందో తెలియదు. మన దేశంలోనే ఫిల్ము తయారు కావాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ పెట్టారు. ‘ఇందు’ పేరుతో వచ్చిన ఆ ఫిల్ములో ఎన్ని ఇళ్ల పెళ్లిళ్లు దాగున్నాయో! ఇప్పుడా కర్మాగారం లేదు, రీలు విదేశాల నుంచి రావాలి. అందుకే మీట నొక్కేముందు మనిషితో నాలుగు మాటలు మాట్లాడతాను. పేరు, ఊరు, ఎన్నో నంబరు ఫొటో అన్నది చిన్న పుస్తకంలో రాసుకుంటాను. ఫోనుతోనూ ఇదంతా చేయవచ్చు, చేయాలి కూడా. కానీ ఒక్క పూటలో తీసిన మూడు వందల ఫొటోల్లో ఎవరి బాకీ అని గుర్తుంటుంది?

ఈ ప్రాంతంలో కళ ఎక్కడుందంటే వేలూరు కోటలోని జలకంఠేశ్వరుడి కల్యాణ మండపానికి తీసుకెళ్తారు. 16వ శతాబ్దపు ఆ స్తంభాల మీద గుర్రాలు, యాళులు ఇప్పటికీ లంఘిస్తూనే ఉన్నాయి. వాటిని చెక్కినవాళ్ల ముఖాలు మాత్రం ఏ పటంలోనూ లేవు. గుడియాత్తంలో లుంగీలు నేసే మగ్గాల ముందు నిలబడితే నాకు ఆ మండపమే గుర్తొస్తుంది. నేసిన బట్ట దేశమంతా తిరుగుతుంది. నేసినవాళ్ల ముఖం కనీసం వాళ్లింటి గోడ మీదైనా ఉండాలి.

ఆలంగాయం దాటి జవ్వాది కొండల్లోకి వెళ్తే కావలూరు వేధశాల. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు దాన్ని నిలబెట్టారు. 1988 ఫిబ్రవరి 17న ఆర్. రాజమోహన్ అక్కడి 45 సెంటీమీటర్ల ష్మిట్ టెలిస్కోపుతో ఒక గ్రహశకలాన్ని కనిపెట్టారు. దానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. గ్రహశకలాన్ని పట్టే ఉపాయం సులువైనదే. ఆకాశంలో ఒకే చోటును వేరువేరు వేళల్లో ఫొటో తీసి పక్కపక్కన పెట్టాలి. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. చోటు మారిన చుక్కే మనం వెతికేది. ఒక్క ఫొటోతో అది దొరకదు. మళ్లీ అక్కడికే చూపు తిప్పాలి.

సంత కూడా అంతే. ఐదు నెలల తర్వాత ప్రింటు పట్టుకుని ఆలంగాయం వెళ్లాను. అవ్వ అదే చోట ఉంది. తక్కెడ పోయి కరెంటు కాటా వచ్చింది. పక్కన పడితో సామలు కొలిచి పోసే చోటు ఖాళీగా ఉంది.

అవ్వ ప్రింటును కొంగుతో తుడిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. తన ముఖం మీద చూపు నిలవలేదు. పటంలో ఒక మూల, నేను గమనించని చోట, సామల బుట్ట వెనక సగం కనబడుతున్న మనిషి మీద వేలు పెట్టింది. “ఈయమ్మ ఇప్పుడు రాదు నాయినా. పోయి రెండు నెలలాయె. వాళ్లింట్లో ఒక్క పటమూ లేదు. ఇంకోటి కడిగించి తెచ్చియ్యి, నేను చేరుస్తాను.”

నెగటివు నా దగ్గర భద్రంగా ఉంది. ఆ మూలను మాత్రం పెద్దది చేయించి కడిగించాను. ఈ ఆదివారం ఆలంగాయం వెళ్తున్నాను.

– కౌండిన్య