గోలీ మింగనియ్యనిది ఎవరు?

"మందులు ఉత్తగనే ఇస్తున్నరు, వీళ్లే మింగరు. నిర్లక్ష్యం!" హెచ్‌ఐవి ఉన్నోళ్ల గురించి తిరుమలగిరి చుట్టుపక్కల చదువుకున్నోళ్లు కూడా ఇదే మాట అంటున్నారు. మేం అడుగుతున్నాం: మింగనియ్యనిది ఎవరు?

2004 ఏప్రిల్ 1 నుంచి సర్కారు ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నది. ఇప్పుడు చాలామందికి రోజుకొక్క గోలీ చాలు. తప్పకుండా వేసుకుని, వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అట్లనే నిలిస్తే, సంభోగం వల్ల ఇంకొకరికి అంటదు. మానితే వైరస్ మళ్లీ లేస్తది, మందుకు లొంగకుండా మొండికేస్తది.

మరి ఎందుకు మానుతున్నారు? డబ్బా కనపడితే అత్తకు తెలుస్తది. అత్తకు తెలిస్తే వాడకు తెలుస్తది. రేపు నాటుకు ఎవరూ పిలవరు. అందుకే చుట్టాలింటికి పోయిన నాడు గోలీ ఇంట్లనే ఉంటది. దగ్గరి సెంటర్‌లో ఎరుకైనోళ్లు చూస్తారని దూరం పోతే బస్సు కిరాయి, ఒకరోజు కూలి పాయె. పైన "ఎవరి కోసం బతకాలె" అనే దిగులు. ఇది నిర్లక్ష్యం కాదు, భయం. ఆ భయాన్ని పుట్టించింది రోగం కాదు, ఊరు.

రెండు గ్లాసుల అవమానం మనకు తెల్వనిదా? అది తెలిసిన మనమే మన వాడలో ఒకరికి వేరే కంచం పెడితే అంబేడ్కర్ బొమ్మకు దండ ఎందుకు?

2017లో చేసిన హెచ్‌ఐవి చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. పనిలో, బడిలో, ఆస్పత్రిలో వివక్షను నిషేధించింది. నమ్మి చెప్పిన సంగతి ఒప్పుకోలు లేకుండా బయటపెట్టరాదన్నది. సంఘాలు ఈ చట్టాన్ని వాడవాడకూ తేవాలె. అనుమానముంటే 1097కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.

గుసగుసలు బంద్ చేద్దాం. ఒక్క బంతిలో కూసొని తిందాం. గోలీ అందరి ముందు మింగే ధైర్యం ఊరే ఇయ్యాలె!