సైకిలు దీపమునకు వెలుగెంత వలయును?

రాత్రివేళ సైకిలునకు ముందుదీపము రెండువిధముల నుపకరించును: త్రోవ తనకు కనబడుటకును, తాను పరులకు కనబడుటకును. ఈ రెంటికిని వలసిన వెలుగు ఒక్కటి కాదు. వీధిదీపములు బారులు తీరిన నగరమార్గమున తన ఉనికిని తెలుపుటకు 100 ల్యూమెనుల దీపము ధారాళముగా చాలును. ఒక్క స్తంభదీపమైనను లేక పొలములనడుమ సాగు గ్రామమార్గమున గుంటలను, పరుండిన గేదెలను, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యమును ముందుగా పసిగట్టవలెనన్నచో 300 మొదలు 400 వరకు వలయును. అంతకుమించినది మామూలువాడుకలో వ్యర్థమనియు, పెక్కుతావుల అపకారమనియు నా అభిప్రాయము.

నేడు బజారులోని దీపపుడబ్బాలపై వేయి, రెండువేలు అను సంఖ్యలు మెరయుచున్నవి. కారు హెడ్‌లైటులోని హాలొజెన్ బల్బు డిమ్ములో వెలువరించునది సుమారు 1000 ల్యూమెనులే! ఐనను ఆ కారుదీపము వెలుగును క్రిందికి వంచి రోడ్డునకు అప్పగించును. హ్యాండిలుకు బిగించిన గుండ్రని టార్చియో సగము వెలుగును చెట్లకొమ్మలకును, ఎదుటివాని కన్నులకును పంచిపెట్టును. ల్యూమెను దీపమునుండి అన్నిదిక్కులకు వెలువడు కాంతిమొత్తము. మనకు వలసినది త్రోవమీద పడినపాలు, దానిని కొలుచునది లక్సు. దూరము రెట్టింపైనచో లక్సులు నాల్గవవంతునకు దిగును: 10 మీటర్లయొద్ద 10 లక్సులిచ్చు దీపము 20 మీటర్లయొద్ద రెండున్నర మాత్రమే ఇచ్చును.

జర్మనీవారు ఈ సూక్ష్మమును చాలకాలము క్రిందటనే గ్రహించిరి. అచ్చట సైకిలుదీపము 10 మీటర్ల దూరమున కనీసము 10 లక్సులు పరవవలెననియు, ఒక నిర్ణీతరేఖకు పైని 2 లక్సులు దాటరాదనియు నిబంధన. 2013 వరకు సాధారణమైన సైకిళ్లకు డైనమోయే విధి. అది 6 వోల్టుల, 3 వాట్ల చిన్నయంత్రము, అందు ముందుబల్బునకు దక్కునది 2.4 వాట్లే. ఆ స్వల్పశక్తితోనే, అద్దమును నేర్పుగా మలచి, నేటి ఎల్‌.ఇ.డి. దీపములు 100 లక్సులవరకు సాధించుచున్నవి. టైరునకు ఒరసికొనుచు గుర్రుమను డైనమోను, ఎత్తెక్కునపుడు మిణుకుమిణుకుమను దాని బల్బును, దీపములేని సైకిలును ఆపి జరిమానా వేసెడి పోలీసును ఎరిగిన మన పెద్దలకు ఇది నమ్మశక్యము కాకపోవచ్చును.

వెలుగు ఎంతదూరము పడవలెనో నిర్ణయించునది వేగము. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవువాడు అడ్డమును చూచి, తేరుకొని, బ్రేకు పట్టి ఆగుటకు సుమారు 9 మీటర్లు పట్టును. 30 కిలోమీటర్ల వేగమున పోవువానికి 24 మీటర్లు పట్టును. కావున పల్లమున దూసుకొనిపోవువానికి గట్టిదీపము కావలసినమాట నిజమే. వానకు తడిసిన తారురోడ్డు వెలుగును మనవైపు మరల్చక ముందుకు జారవిడుచును గనుక, ఆ రాత్రులలో ఎంతటి దీపమైనను పేలవముగనే తోచును; అప్పుడు చేయదగినది వేగము తగ్గించుటయే. చక్రముముందే అతిగా వెలుగు కుమ్మరించు దీపముతో మరియొక చిక్కు కలదు: కంటిపాప ముడుచుకొని, దూరమందలి చీకటి మరింత చిక్కనగును. చీకటికి పూర్తిగా అలవడుటకు కంటికి 20, 30 నిమిషములు పట్టును. ఎదుటివాని దీపము దానిని క్షణములో చెరుపును. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023లో ఆరంభమైన 23 కిలోమీటర్ల సైకిలుబాటవంటి చోట, సైకిళ్లు ఎదురుపడునపుడు ఇది సాటి సైకిలువానికే హాని.

ఈ వేయిల్యూమెనుల ముచ్చట వేలకువేలు పోసి సైకిలు కొన్నవారిది. వేకువచీకటిలో పాలు పోయువారును, ఈ పత్రికను మీ గుమ్మమున వేయు కుర్రవాడును తరచుగా దీపమే లేక పోవుచున్నారు. వారికి 100 ల్యూమెనుల చిన్నదీపము, వెనుక ఒక ఎర్రదీపము చేకూర్చుట పత్రికల ఏజెంట్లకును, పాలకేంద్రములకును పెద్దవ్యయము కాదు, వెంటనే చేయదగినది.

దీపము కలవారు ఈ రాత్రియే ఒక పరీక్ష చేయుదురుగాక. సైకిలును గోడకు 5 మీటర్ల దూరమున నిలిపి దీపము వెలిగింపుడు. గోడపై వెలుగునడిమి భాగము దీపమున్న ఎత్తులో సగమునకు దిగవలెను. అప్పుడది రోడ్డును 10 మీటర్లయొద్ద తాకును. అంతకు పైనున్నచో బిగింపు సడలించి, క్రిందికి వంచి, మరల బిగింపుడు.